గొట్టంలో చప్పుడు

ఆ ఇంట్లో పొయ్యి ముట్టించే హక్కు ఒక్కడికే ఉండేది. వంటింట్లో గ్యాసు పొయ్యి సంగతి కాదు. ముందు గదిలో, గోడకు జానెడు ఎడంగా నిలబడి ఉండే ఇనప పొయ్యి. నడుమెత్తున ఉండేది. ముందు గాజు తలుపు, దాని కింద లోపలికి గాలి పోవడానికి ఒక మీట, వెనక చిన్న ఫ్యాను, పైన కప్పులోంచి బయటికి పోయే నల్లటి గొట్టం. చలికాలం వస్తే ఆ ఊళ్ళో కుళాయిల్లో నీళ్ళు గడ్డకట్టేవి. వీధిలో మనుషులు మాట్లాడితే మాటకన్నా ముందు ఆవిరి కనిపించేది. అలాంటి నెలల్లో ఆ ఇల్లు ఇల్లులా ఉండేదంటే ఆ పొయ్యి పుణ్యమే.

దాన్ని చూసుకునేవాడు బస్సు డిపోలో మెకానిక్కు. "వంటింటి పొయ్యి మీ ఇద్దరిదీ. దాని దగ్గర ఎంత కొట్టుకుంటారో కొట్టుకోండి. దీని జోలికి మాత్రం రాకండి," అనేవాడు తల్లితోనూ పెళ్ళాంతోనూ. పొద్దున లేవగానే ముఖమైనా కడుక్కోకుండా పొయ్యి ముందు చిన్న పీట వేసుకుని కూర్చునేవాడు. పుల్లలు పేర్చి, మంట అంటుకున్నాక మీటని గోరంత అటూ, గోరంత ఇటూ జరుపుతూ చాలాసేపు చూసేవాడు. గొట్టానికి వేడి చూపే గడియారంలాంటిది ఒకటి అంటించి ఉండేది. దాని ముల్లు పసుపు రంగు దాటి ఆకుపచ్చ మీదికి వచ్చేదాకా అక్కణ్ణుంచి లేచేవాడు కాదు. వచ్చాకే ఫ్యాను తిప్పేవాడు. గది మొత్తానికి వెచ్చదనం పాకేది. అప్పుడు వెళ్ళి ముఖం కడుక్కునేవాడు.

ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో ఆడవాళ్ళు ఎప్పుడూ అడగలేదు. అతనూ చెప్పలేదు. అడగాల్సిన అవసరం వస్తుందని ముగ్గురిలో ఎవరూ అనుకోలేదు.

చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం అతను డిపోలో బస్సు కింద పడుకుని ఏదో బిగిస్తూ అలాగే ఉండిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. బయటికి రెండు కాళ్ళూ కనిపిస్తూనే ఉండటంతో, ఇంకా పని చేస్తున్నాడనే తోటివాళ్ళు అనుకున్నారు. టీ తాగడానికి పిలిస్తే పలకలేదు. అప్పుడు తెలిసింది.

మొగుడూపెళ్ళాలకి పిల్లల్లేరు. అతని చెల్లెలు పెళ్ళై వేరే ఉంటోంది. ఇంట్లో అత్తా కోడలూ మిగిలారు.

అత్త ముప్ఫై ఏళ్ళు బట్టల మిల్లులో మగ్గాల మధ్య నిలబడి పని చేసిన మనిషి. ఆ రొదకి చెవులు పోయాయి. పూర్తిగా కాదు, గట్టిగా అరిస్తే వినిపించేది. తనకి వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళకీ వినపడదన్నట్టే మాట్లాడేది. ఆమె రహస్యం చెబితే ఎదురింటివాళ్ళు కిటికీ వేసుకునేవాళ్ళు. కోడలు మెయిన్ రోడ్డులో లాండ్రీలో ఇస్త్రీ చేసేది. మెల్లగా మాట్లాడే మనిషి. ఇద్దరికీ మొదట్నించీ ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెం. మధ్యలో నిలబడి ఇద్దర్నీ నవ్వించేవాడు పోయాడు.

అతను పోయాక మొదటిసారి పొయ్యి ముట్టించింది కోడలే. కాగితం పెట్టి, పుల్లలు పెట్టి, దుంగలు పెట్టి అగ్గిపుల్ల గీసింది. కాగితం మండి ఆరిపోయింది. మళ్ళీ గీసింది. ఈసారి పొగంతా గదిలోకి తిరిగొచ్చింది. అత్త దగ్గుతూ అరిచింది.

"మా వాడుంటే ఇట్లా ఉండేదా!"

"ఉంటే నాకెందుకీ ఖర్మ?" అంది కోడలు. అత్తకి వినపడలేదు. వినపడలేదని తెలిశాక కోడలికి ఇంకా ఏడుపొచ్చింది. బూడిద చేతులతోనే కళ్ళు తుడుచుకుంది.

ఎలాగోలా ముట్టించడం వచ్చింది. కానీ మీట సంగతి ఇద్దరికీ తెలియదు. ఫ్యాను సంగతి అసలే తెలియదు. అత్త ఫ్యాను పక్కనే కుర్చీ వేసుకునేది. పొయ్యి ముట్టించిన మరుక్షణమే దాన్ని పూర్తిగా తిప్పేది. "గాలి తగుల్తుంటేనే వేడి తెలుస్తుంది" అని ఆమె వాదం. కోడలు వచ్చి ఆపేది. అత్త మళ్ళీ తిప్పేది. పాపం ఆ ఫ్యాను వాళ్ళిద్దరి మధ్యా నలిగిపోయింది.

పెరట్లో రేకు కింద అతను పేర్చిన కట్టెలు ఎముకల్లా ఎండి ఉండేవి. రెండు కట్టెలు కొట్టుకుంటే ఠంగుమనేవి. అతని చేతిలో అవి చలికాలమంతా వచ్చేవి. లెక్క తెలియని చేతుల్లో సగం చలికాలానికే అయిపోయాయి. కోడలు అడితికి వెళ్ళి కట్టెలు తెప్పించింది. వచ్చినవి నిన్నమొన్న నరికిన చెట్టువి. బరువు చూసి మంచి కట్టె అనుకుంది. పొయ్యిలో పెడితే సుయ్యిమంటూ చివర్లనుంచి నురగ కారేది. మంట కాకుండా పొగే ఎక్కువ. గాజు తలుపు మూడు రోజుల్లో నల్లగా అయిపోయింది. లోపల నిప్పుందో లేదో తలుపు తీసి చూస్తే తప్ప తెలిసేది కాదు.

ఒకరోజు అలాగే అత్త తలుపు తీసి చూసింది. లోపల మూలుగుతున్న మంట ఒక్కసారిగా బయటికి నాలుక చాపింది. స్వెటరు చెయ్యి అంచు కాలింది. ఒంటికి ఏమీ కాలేదు. కానీ సాయంత్రం ఇంటికి రాగానే కోడలికి ఆ కాలిన ఉన్ని వాసన తగిలింది.

"మీరు దాని దగ్గరికి వెళ్ళకండి అత్తయ్యా! నేను పొద్దున పెట్టి వెళ్తాను, సాయంత్రం వచ్చి చూసుకుంటాను. మధ్యలో ముట్టుకోవద్దు!" అని చెవి దగ్గర అరిచి చెప్పింది.

ఆ రోజునుంచీ ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పొద్దున పనికి వెళ్ళేముందు పొయ్యి నిండా పచ్చి దుంగలు కూరి, అంటుకోగానే గాలి మీట దాదాపు పూర్తిగా మూసేసేది. గాలి అందక అవి మండవు, ఆరవు. కుంపటిలో పిడకల్లా రాజుకుంటూ సాయంత్రందాకా ఉంటాయి. అత్త తలుపు తెరవాల్సిన పని ఉండదు, కాలదు. గది వెచ్చగా ఉండేది కాదు కానీ గడ్డకట్టేదీ కాదు. అత్త రెండు స్వెటర్లు, శాలువా, ఉన్ని టోపీ పెట్టుకుని కుర్చీలో ముడుచుకుని కూర్చునేది. కోడలు తన తెలివికి తనే కాస్త సంతోషపడింది.

ఆ పొగంతా ఎక్కడికి పోతోందో ఆమె ఆలోచించలేదు.

కొన్ని వారాలకి అత్తకి దగ్గు పట్టుకుంది. పొగ గదిలోకి రావడం ఎక్కువైంది. గొట్టం కీళ్ళ దగ్గర నల్లటి చుక్కలు కారి ఎండిపోయాయి. పక్కింటావిడ చూసి, "మసిమామని పిలవండి, మీ గొట్టం మూసుకుపోయినట్టుంది" అంది.

మసిమామ అంటే ఊళ్ళో పొగగొట్టాలు శుభ్రం చేసే ముసలాయన. ఎంత తోముకున్నా మెడ మడతల్లో మసి వదలదని వీధి పిల్లలు పెట్టిన పేరు. అసలు పేరు ఆయనే మర్చిపోయాడేమో, ఫోనులో కూడా "మసిమామని మాట్లాడుతున్నా" అనేవాడు. మోకాలు నొప్పితో మెల్లగా వచ్చాడు. పొయ్యి తలుపు తీసి, లోపలికి టార్చి కొట్టి, మెడ తిప్పి పైకి చూశాడు. వేలు పెట్టి గీకాడు. గోటికి నల్లగా, మెరుస్తూ, జిగటగా అంటుకుంది.

"తారు," అన్నాడు. "లోపలంతా పేరుకుపోయింది. మీ ఆయన ఉండగా ఈ గొట్టంలో మసి ఉండేది, దులిపితే రాలేది. ఇది రాలదు."

"ఎట్లా వచ్చింది?" అంది కోడలు.

ఆయన పీట మీద కూర్చుని మోకాలు చాపుకుని చెప్పాడు. "పచ్చి కట్టె పెట్టారు. గాలి మూశారు. మంట బతకాలంటే తిండికన్నా ముందు ఊపిరి కావాలమ్మా. ఊపిరి లేకపోతే కట్టె కాలదు, ఉడుకుతుంది. ఆ పొగ చల్లటి గొట్టంలోకి పోయి తారై అంటుకుంటుంది. ఇంక ఈ ఫ్యాను. ఇది మంటకి విసిరేది కాదు, పొయ్యి ఒంటికున్న వేడిని గదిలోకి నెట్టేది. ఒళ్ళు కాగకముందే దీన్ని తిప్పితే ఉన్న కాస్త వేడీ లాగేస్తుంది. లోపల మంట ఇంకా నీరసపడుతుంది. ఆ ముల్లు పచ్చ మీదికి రానివ్వండి. తర్వాత తిప్పండి, అదీ నెమ్మదిగా."

మొగుడు పొద్దున్నే పీట మీద కూర్చుని ఏం చేసేవాడో కోడలికి అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ పక్కనే తిరుగుతూ ఒక్కసారైనా అడగలేదే అనుకుంది.

"ఇప్పుడు శుభ్రం చెయ్యండి మరి," అంది.

ఆయన కిటికీలోంచి కప్పు అంచుకి వేలాడుతున్న మంచు కడ్డీలు చూశాడు. "పైకెక్కితే తప్ప కాదు. కప్పంతా గాజులా ఉంది. నా మోకాలితో ఎక్కితే నేరుగా పైకే పోతాను. కాస్త కరగనివ్వండి, వస్తాను."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా ముట్టించొద్దనే చెప్పాలి." ఆయన అత్త వైపు చూశాడు. టోపీ చెవుల మీదికి లాక్కుని ఆమె దగ్గుతోంది. "చెబితే ఈవిడ చలికి పోతుంది. చిన్న మంట పెట్టుకోండి. ఎండు కట్టె, ఒకటో రెండో. గాలి తెరిచే ఉంచండి. ముల్లు ఎరుపు వైపు పోనివ్వొద్దు. పెద్ద మంట తగిలిందంటే గొట్టంలో తారే అంటుకుంటుంది. అంటుకుంటే చప్పుడొస్తుంది, రైలొస్తున్నట్టు. ఆ చప్పుడు వినగానే మీట మూసెయ్యండి, ఫ్యాను ఆపెయ్యండి, బయటికి పరుగెత్తండి."

"ఏంటంటున్నాడు?" అని అరిచింది అత్త.

"రైలు చప్పుడు అంటున్నాడు అత్తయ్యా!"

"రైలా? ఎక్కడికి?"

మసిమామ నవ్వాడు. కోడలూ నవ్వింది. మొగుడు పోయాక అదే మొదటిసారి. ఆయన వెళ్ళేటప్పుడు తన బండిలోంచి ఎండు కట్టెల కట్ట ఒకటి దించి పెట్టి వెళ్ళాడు.

ఆ ఆదివారం కోడలికి సెలవు. పీట వేసుకుని పొయ్యి ముందు కూర్చుంది. గాజుని తడి గుడ్డకి బూడిద అద్ది రుద్దింది. సన్న పుల్లలు పేర్చి, మీట పూర్తిగా తెరిచి ముట్టించింది. మంట చెదరకుండా నిలబడింది. ముల్లు కదలడం మొదలుపెట్టింది. అత్త చెయ్యి ఫ్యాను వైపు వెళ్ళింది. కోడలు ఆ చెయ్యి పట్టుకుని ముల్లుని చూపించింది. ఇద్దరూ ముల్లు వంకే చూస్తూ కూర్చున్నారు. అది పచ్చ మీదికి రాగానే కోడలు తల ఊపింది. అత్త ఫ్యాను నెమ్మదిగా తిప్పింది. మొగుడు పోయాక ఎప్పుడూ లేనంత వెచ్చగా అయింది గది.

అత్త టోపీ తీసేసింది. నలిగిన తెల్ల జుట్టు వేళ్ళతో సర్దుకుంది. శాలువా తీసింది. ఒక స్వెటరు తీసింది.

"వాడికి చిన్నప్పుడు చలంటే భయం," అంది ఉన్నట్టుండి, వీధంతా వినేలా. "నేను మిల్లునించి వచ్చేసరికి దుప్పట్లన్నీ మీదేసుకుని మంచం కింద పడుకునేవాడు. మంచం మీద కాదు, కింద! అక్కడైతే చలికి కనపడడంట."

కోడలికి ఈ సంగతి తెలియదు. "మరి పైకి ఎట్లా తెచ్చేవాళ్ళు?" అని చెవి దగ్గర అడిగింది.

"నేనూ కిందికే దూరేదాన్ని."

ఆ సాయంత్రం ఇద్దరూ అతని గురించే మాట్లాడుకున్నారు. పోయినప్పట్నించీ అతని పేరెత్తితే పోట్లాటే అయ్యేది. ఆ రోజు కాలేదు. అత్త తలకి కోడలు నూనె రాసి జడ వేసింది. "నీ చేతులు ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయే అమ్మాయ్" అంది అత్త. "ఇస్త్రీ చేతులు కదా" అంది కోడలు. అత్తకి ఆ మాట వినపడిందో లేదో కానీ ఆ చెయ్యి వదల్లేదు.

తర్వాత రోజుల్లో పనికి వెళ్ళేముందు కోడలు చిన్న మంట పెట్టేది. మధ్యాహ్నానికి అది ఆరిపోయేది. సాయంత్రం వచ్చి మళ్ళీ పెట్టేది. మధ్యలో గది చల్లబడేది. అత్త ఏమీ అనేది కాదు. మంచు కరగలేదు. మసిమామకి ఫోను చేస్తే, "ఇంకొద్దిరోజులు" అన్నాడు.

ఆ రోజు పొద్దుట్నించీ తడి మంచు కురిసింది. అత్తకి కాస్త ఒళ్ళు వెచ్చబడింది. "ఇవాళ మానేస్తాను" అంది కోడలు. "మానేసి ఏం చేస్తావు, నా మొహం చూస్తూ కూర్చుంటావా? పో" అంది అత్త. కోడలు వెళ్ళింది. లాండ్రీలో కిటికీ అద్దాలకి మంచు కొట్టుకుంటుంటే, ఇంటికి తడిసిపోయి వెళ్ళాల్సి వస్తుందని అనుకుంది.

ఇంట్లో అత్త కూడా అదే అనుకుంది.

ఆమె కిటికీలోంచి ఆ తడి మంచు చూసింది. ఈ పిల్ల నానిపోయి, వణుక్కుంటూ చల్లటి ఇంట్లోకి వస్తుంది, వచ్చి పీట వేసుకుని పొయ్యితో కుస్తీ పడుతుంది అనుకుంది. వచ్చేసరికి ఇల్లు వెచ్చగా ఉండాలని లేచింది. ఆదివారం చూసిందంతా ఆమెకి గుర్తుంది. ఎండు పుల్లలు పేర్చింది. మీట పూర్తిగా తెరిచింది. మసిమామ ఇచ్చిన కట్టలో మిగిలినవన్నీ పెట్టింది. ముల్లు కోసం చూసింది. కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో కనపడలేదు. ముల్లు కదిలింది, అది మాత్రం తెలిసింది. ఫ్యాను తిప్పింది. వెచ్చగాలి మొహానికి కొట్టింది. పెరట్లోంచి ఇంకో రెండు కట్టెలు తెచ్చి పెట్టింది. కుర్చీ జరుపుకుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, వీధి తలుపు వంక చూస్తూ కూర్చుంది.

కోడలు వీధి మలుపు తిరగ్గానే చప్పుడు వినిపించింది. నిజంగా రైలే అనుకుంది ఒక్క క్షణం. ఆ వైపు పట్టాలు లేవు. తలెత్తి చూస్తే తమ ఇంటి కప్పు మీద, గొట్టం నోట్లోంచి మనిషెత్తు మంట నిటారుగా ఊదుతోంది. చుట్టూ మంచు కురుస్తూనే ఉంది. ఎదురింటివాళ్ళు వాకిట్లోకి వచ్చి అరుస్తున్నారు, తలుపు బాదుతున్నారు.

చేతిసంచి ఎక్కడ పడేసిందో ఆమెకి తెలియదు. తాళం చెవితో తలుపు తీసి లోపలికి పడింది. ఇల్లంతా దడదడలాడుతోంది. గొట్టం ఎర్రగా కాలి, గోడ మీద పటాలు అదురుతున్నాయి. ఆ చప్పుడుకి మనిషన్నవాడు అక్కడ నిలబడలేడు. అత్త కుర్చీలో హాయిగా కూర్చుని ఉంది.

"వచ్చావా?" అంది నవ్వుతూ. "చూడు, ఎంత వెచ్చగా ఉందో!"

కోడలు మీట మూసింది. వేళ్ళు కాలాయి. ఫ్యాను ఆపింది. అత్తని రెండు చంకల కిందా చేతులేసి లేపింది. "ఏమైందే? ఏమైంది?" అని అత్త తిడుతూనే ఉంది. వాకిలి దాటి, వీధి దాటి, ఎదురింటి అరుగు మీదికి చేరి వెనక్కి తిరిగాక ఆమె నోరు మూతపడింది. కప్పు అంచు అంటుకుంది అప్పటికి.

"అది నేను..." అంది అత్త.

ఫైరింజను వచ్చింది. గొట్టం చుట్టూ ఉన్న కప్పు దూలాలు కాలిపోయాయి. ముందు గది సగం కూలింది. మిగిలిన సగం ఆర్పిన నీళ్ళకి నాని, తెల్లారేసరికి గడ్డకట్టింది. బట్టలూ, పరుపులూ, మంచాలూ మంచు పొరలో బిగుసుకుపోయాయి. మనుషులెవరూ ఉండకూడదని టౌను ఆఫీసువాళ్ళు వచ్చి తలుపుకి చెక్కలు కొట్టి వెళ్ళారు.

ఆడపడుచు, ఆమె భర్త మర్నాడు ఎదురింటికి వచ్చారు. వాళ్ళు ఊరికి అవతలి వైపు అపార్టుమెంటులో, పై అంతస్తులో ఉంటారు. అల్లుడు గుమ్మంలోనే నిలబడ్డాడు. కోటు కూడా విప్పలేదు. ఆడపడుచు తల్లి పక్కన కూర్చుని ఆమె చేతులు పట్టుకుంది.

"ఎట్లా అయిందమ్మా? పొయ్యి ఎవరు పెట్టారు?" అని అరిచి అడిగింది.

అల్లుడు గుమ్మంలోంచి, "ఆవిడే పెట్టుంటే మన ఇంట్లో ఎట్లా పెట్టుకుంటాం? రేపు అక్కడ గ్యాసు ముట్టిస్తుంది. పొద్దున్నించీ సాయంత్రందాకా ఎవరుంటారు కాపలా?" అన్నాడు. అరవలేదు. కానీ అత్త అతని పెదవుల వంకే చూస్తోంది. మగ్గాల రొదలో పనిచేసినవాళ్ళకి పెదవులు చదవడం వస్తుంది.

అత్త కోడలి వంక చూసింది. కళ్ళు పక్కకి తిప్పుకుంది.

"అమ్మాయి పొద్దున పెట్టి వెళ్ళింది," అంది.

ఎదురింటావిడ ఏదో అనబోయింది. ఆ మధ్యాహ్నం అత్త కట్టెల కోసం పెరట్లోకి వెళ్ళడం ఆమె చూసింది. కోడలు ఆమె వైపు తిరిగి వద్దన్నట్టు తల ఊపింది.

"అవును వదినా, నేనే పెట్టి వెళ్ళాను," అంది. "గాలి తెరిచి మర్చిపోయాను."

ఆడపడుచు కిటికీలోంచి కాలిన ఇంటి వంక చూసింది. తర్వాత, "అన్నయ్య కట్టిన ఇల్లు," అంది. అంతకన్నా ఏమీ అనకపోవడమే కోడలికి ఎక్కువగా తగిలింది. తిట్టి ఉంటే బాగుండేది అనుకుంది.

అత్తని తీసుకెళ్ళారు. కారు ఎక్కేముందు ఆమె ఒకసారి వెనక్కి తిరిగింది. ఏదో చెప్పాలని నోరు తెరిచింది. ఆమె ఏం చెప్పినా వీధంతా వింటుంది. కూతురు వింటుంది, అల్లుడు వింటాడు. మెల్లగా మాట్లాడటం ఆమెకి రాదు. నోరు మూసుకుని ఎక్కింది.

కోడలికి లాండ్రీ వెనక బట్టలు ఆరేసే గదిలో ఒక మంచం ఇచ్చారు. అక్కడ చలి లేదు. పగలంతా ఇస్త్రీ వేడి, తర్వాత గోడల్లో మిగిలిన వేడి. ఆమెకి ఆ వెచ్చదనం నచ్చలేదు.

మంచు కాస్త కరిగాక మసిమామ వచ్చాడు. నిచ్చెన, గొలుసు, బ్రష్షులూ వేసుకుని నేరుగా ఇంటికే వెళ్ళి చెక్కలు కొట్టిన తలుపు చూశాడట. కనుక్కుని లాండ్రీకి వచ్చాడు.

"ఎక్కి ఉండాల్సిందమ్మా," అన్నాడు. "మోకాలు విరిగితే విరిగేది."

"మీరేం చేస్తారు," అంది ఆమె. ఆయన నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. వెళ్ళిపోయాడు.

ఆదివారాలు ఆమె అత్తని చూడటానికి వెళ్ళేది. లిఫ్టులో పైకి వెళ్ళి బెల్లు కొట్టి గుమ్మంలో నిలబడేది. ఆడపడుచు తలుపు తీసి, "రా వదినా" అనేది, అంతే. మర్యాదకి లోటు లేదు. గోడలకి గొట్టాల్లో వేణ్ణీళ్ళు పారి, ఎవరూ ముట్టుకోకుండానే ఇల్లంతా ఒకే తీరుగా వెచ్చగా ఉండేది. అత్తకి కిటికీ దగ్గర కుర్చీ వేశారు. శుభ్రంగా ఉండేది, బాగానే తినేది. కానీ గట్టిగా మాట్లాడటం మానేసింది. పక్క ఫ్లాటువాళ్ళు ఫిర్యాదు చేశారని కూతురు మెల్లగా మాట్లాడమని చెప్పిందట. మెల్లగా ఎలా మాట్లాడాలో తెలియక మాట్లాడటమే మానేసింది.

కోడలు పక్కన కూర్చుంటే అత్త ఆమె చెయ్యి పట్టుకునేది. ఇటు తిప్పి, అటు తిప్పి, కాలిన వేళ్ళ మచ్చల మీద బొటనవేలితో రాసేది. ఒకసారి కూతురు వంటింట్లో ఉన్నప్పుడు, కోడలి చెవి దగ్గరికి వంగి, "నేను చెప్తాను దానికి... నేనేనని..." అంది. ఆమెకి అది గుసగుస. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఏమంటోంది?" అని ఆడపడుచు గుమ్మంలోకి వచ్చింది.

"మందు వేసుకున్నాను అంటోంది వదినా," అంది కోడలు.

ఆడపడుచు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. విన్నదో లేదో తెలియలేదు. విన్నా విననట్టే ఉండటం ఆమెకీ తేలిక. తన తల్లి అబద్ధం చెప్పిందని ఒప్పుకుంటే భర్తకి చెప్పాలి. చెబితే తల్లిని ఎక్కడ పెట్టాలి? మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇల్లు పడగొట్టారు. దూలాలు పట్టు తప్పాయని, వీధిలోకి కూలుతుందని టౌను ఆఫీసువాళ్ళే మనుషుల్ని పెట్టి పడగొట్టించారు. కోడలు పనికి వెళ్తూ ఆ వీధి చివర నిలబడి చూసింది. ఇనప పొయ్యిని ఇద్దరు మనుషులు మోసుకొచ్చి పాత సామాన్ల బండిలోకి విసిరారు. ఇటుకలు ఎత్తుకుపోయాక ఆ చోటు ఇంత చిన్నదా అనిపించింది ఆమెకి. ముగ్గురు మనుషులు, అన్ని పోట్లాటలు అందులో ఎలా పట్టాయో.

ఆ ఆదివారం అత్త చెయ్యి వదల్లేదు. కూతురూ అల్లుడూ లేరు, బయటికి వెళ్ళారు. అత్తకి చాలా రోజుల తర్వాత పాత గొంతు వచ్చింది.

"అమ్మాయ్, ఇంటికి పోదాం పద."

కోడలు కిటికీలోంచి బయటికి చూసింది.

"కప్పు బాగు చేయించావా? నాకు మాట రాలేదు కానీ రోజూ అదే ఆలోచన. ఇక్కడ నాకు బాగాలేదే. తిండి పెడతారు, బట్టలు ఉతుకుతారు, అన్నీ చేస్తారు. ఎవరూ పోట్లాడరు. ఈసారి నేను పొయ్యి జోలికి రాను, ఒట్టు. నువ్వు ఎంత మంట పెడితే అంతే. పోదాం పద."

కోడలు నోరు తెరిచింది. అత్త ఆమె పెదవుల వంకే చూస్తోంది. ఆ పెదవుల మీద ఏ మాట వచ్చినా అత్త చదివేస్తుంది.

"ఎండలు బాగా రానివ్వండి అత్తయ్యా," అంది. "అప్పుడు పోదాం."

"సరే," అంది అత్త. చెయ్యి వదిలింది. "ఎండలొచ్చాక."

లిఫ్టులో దిగుతూ కోడలు గోడకి ఆనుకుని నిలబడిపోయింది. కింద తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఎవరో పై అంతస్తు నొక్కితే మళ్ళీ పైకి వెళ్ళింది, మళ్ళీ కిందికి వచ్చింది. అప్పుడు దిగింది.

ఎండలు వచ్చాయి. ఆమె లాండ్రీ యజమానిని అడిగి ఆదివారాలు కూడా పనికి రావడం మొదలుపెట్టింది.